నేను లేని ఇరవై నిమిషాలు

నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేలా చేసింది ఒక వీడియో. పదకొండు నిమిషాలు ఉంటుంది. అందులో నేను లేను. ఘనా దేశపు సముద్ర తీరంలో ఒక చిన్న బడి, ఆ బడిలో ఐదో తరగతి, ఆ తరగతికి లెక్కలు చెబుతున్న ఇరవై మూడేళ్ళ అమ్మాయి. అంతే. కొత్తగా టీచర్లయిన మీలాంటి వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు, "మీ సర్వీసులో మీకు బాగా తృప్తినిచ్చింది ఏమిటి మేడమ్?" అని అడుగుతుంటారు. అది చెప్పాలంటే ముందు ఈ వీడియో సంగతి చెప్పక తప్పదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థలో లెక్కల లెక్చరర్‌గా పనిచేశాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అబర్డీన్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు పెట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, క్లాసులో ఇంగ్లీషు. అలా మూడు భాషల మధ్య పెరిగాను. బాగా మాట్లాడతానని నాకు పేరుండేది. ఆ పేరే నా కొంప ముంచింది.

సముద్రం అడుగున కేబుల్ వేసి మా దీవులకు ఇంటర్నెట్ కాస్త నిలకడగా రావడం మొదలైన తర్వాత, ఒకరోజు మా ప్రిన్సిపల్ నన్ను పిలిచారు. ఆయనది బీహారు. ఏ మాటైనా హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తారు. ఘనాలో టీచర్ల కాలేజీ ఒకటి తమ బడుల్లో బోధన మెరుగుపడాలని చూస్తోందట. మన సంస్థ వాళ్ళతో రెండేళ్ళు ఆన్‌లైన్‌లో కలిసి పనిచేయాలట. వాళ్ళకూ మనకూ పోలికలున్నాయి. పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒక భాష, బడిలో చదివేది మరో భాష. చాలామంది చేపలు పట్టుకునే ఇళ్ళ నుంచి వస్తారు. జవాబు బట్టీపట్టి అప్పజెబుతారు, "ఎందుకు?" అని అడిగితే తల దించుకుంటారు.

"ఆప్ హీ సంభాలియే మేడమ్," అన్నారాయన. మీరే చూసుకోండి అని.

చూసుకున్నాను. మూడు నెలలు కష్టపడి స్లైడులు తయారుచేశాను. "పిల్లల్ని ఆలోచింపజేసే బోధన: ఐదు సూత్రాలు" అని దానికి పేరు. రంగులు, బాణాలు, బొమ్మలు. వారానికి రెండుసార్లు మధ్యాహ్నం రెండున్నరకి, అంటే వాళ్ళకు ఉదయం తొమ్మిదికి, మా కంప్యూటర్ గదిలో తెర ముందు కూర్చునేదాన్ని. అవతల శిక్షణలో ఉన్న ముప్పైమంది కుర్ర టీచర్లు, వాళ్ళ వెనక నిలబడి వాళ్ళ లెక్చరర్. నలభై ఏళ్ళ మనిషి, పొడగరి, మాట చాలా మెత్తన. నేను గంటసేపు మాట్లాడేదాన్ని. చివర్లో "అర్థమైందా?" అని అడిగితే ముప్పై గొంతులు ఒక్కసారిగా "యెస్ మేడమ్" అనేవి. నా మనసు నిండిపోయేది.

అప్పుడు వచ్చింది ఆ వీడియో. వాళ్ళలో ఒకమ్మాయి బడిలో పాఠం చెబుతుంటే ఆ లెక్చరర్ తన ఫోనులో తీసి పంపాడు. ఆ అమ్మాయి బోర్డుకేసి తిరిగి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తోంది. ఏమిటా అని తెర దగ్గరకు వంగి చూశాను. "పిల్లల్ని ఆలోచింపజేసే బోధన: ఐదు సూత్రాలు." నావే. ఒకటి నుంచి ఐదు దాకా రాసి, పిల్లల చేత నోటుబుక్కుల్లో ఎక్కించి, మూడుసార్లు గట్టిగా చదివించింది. పదేళ్ళ పిల్లలు. "పిల్లవాడు స్వయంగా ఆలోచించాలి" అని అందరూ కలిసి పాటలా పాడారు. చివరికి ఆ అమ్మాయి కెమెరా వైపు తిరిగి, సరిగ్గా చేశానా అన్నట్టు భయంభయంగా నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వీళ్ళకి ఏం చెప్పినా ఇంతే! ఇన్ని నెలలు గొంతు చించుకున్నానే!" అని గదిలోనే అరిచాను.

మా కంప్యూటర్ ఆపరేటర్ తీగలు చుట్టుకుంటూ నవ్వాడు. అతనిదీ మావైపే, సంతబొమ్మాళి దగ్గర ఊరు. కానీ ఆఫీసంతా అతన్ని భయ్యా అనే పిలుస్తుంది, నేనూ అంతే.

"ఏటి మేడమ్, అంత గుస్సా అయిపోతన్నారు?" అన్నాడు. "మా మేనకోడలు రంగత్‌లో టీచరు కదా. మీకాడే ట్రైనింగ్ అయింది, ఫస్టు కూడా వచ్చింది. దాని క్లాసుకి ఏక్ బార్ ఎల్లి చూడండి. తర్వాత ఆ పిల్లని తిడుదురు గానీ."

"ఏముంది అక్కడ?"

"నానేటి చెప్పను? మీరే చూడండి."

అతని మాటలో వెటకారం లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. రెండు రోజులు సెలవు పెట్టి, తెల్లవారుజామున బస్సెక్కి మధ్య అండమాన్‌లోని రంగత్ వెళ్ళాను.

నన్ను చూసి ఆ అమ్మాయి పొంగిపోయింది. క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోబెట్టింది. గోడ మీద రంగు కాగితాలతో చేసిన పెద్ద చార్టు: నా ఐదు సూత్రాలు. దాని కిందే పాఠం మొదలైంది. భిన్నాలు. "సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా? బోలో!" అని హిందీలో అడిగింది. పిల్లలు నోరు తెరిచేలోపే, "సగం పెద్దది, క్యోంకి కింద అంకె చిన్నదైతే భిన్నం పెద్దది, లిఖో" అంది. నేను గడియారం చూశాను. ప్రశ్నకీ జవాబుకీ మధ్య రెండు క్షణాలు కూడా లేవు. మళ్ళీ ప్రశ్న, మళ్ళీ తనే జవాబు. నలభై నిమిషాల్లో ఆ గదిలో ఒక్క పిల్ల కూడా ఒక పూర్తి వాక్యం మాట్లాడలేదు. "సమఝ్ మే ఆయా?" అంటే మాత్రం అందరూ "హా టీచర్!"

బయటకు వచ్చాక, "బాగుందా మేడమ్? మీరు మాకెలా చెప్పీవోరో అలాగే చెప్పేను," అంది సంతోషంగా.

అలాగే చెప్పింది. అదే కదా బాధ. నా గొంతు, నా వేగం, చేయి ఊపడం కూడా నాదే. నాకు అద్దంలో చూసుకున్నట్టయింది.

వరండాలో ఒక చిన్నపిల్ల చేతులు కడుక్కుంటోంది. చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి. తెలుగు వచ్చని తెలిసి, ఇందాకటి ప్రశ్నే తెలుగులో అడిగాను.

"సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా?"

"మూడో వంతు," అంది వెంటనే. "మూడు పెద్దది కదండీ."

సరిదిద్దబోయాను. కానీ అప్పటికే సీసా ఎత్తి నోట్లో నీళ్ళు పోసుకుని ఉన్నాను. మాట్లాడడానికి వీల్లేదు. నేను గుటక వేసేలోపు ఆ పిల్ల మొహం మారింది. నేల వైపు చూసింది. పెదాలు కదిలాయి.

"ఆగండి... వంజరం చేప ఇద్దరికి కోస్తే పెద్ద ముక్కొస్తాది. ముగ్గురికి కోస్తే చిన్నదైపోద్ది. కాదండి, సగమే పెద్దది!"

ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకపోబట్టే తనకు తెలిసింది. ముప్పై ఏళ్ళుగా నేను ఎంతమంది పిల్లల దగ్గర ఆ నాలుగు క్షణాలు లాగేసుకున్నానో అనుకుంటూ ఆ వరండాలో నిలబడిపోయాను. నా వృత్తిలో నేను నేర్చుకున్న అతి పెద్ద పాఠం, నోట్లో నీళ్ళు ఉండడం వల్ల నేర్చుకున్నాను. ఇది మీకు నవ్వులాటగా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

పోర్ట్ బ్లెయిర్ వచ్చిన వెంటనే ఘనా లెక్చరర్‌కి ఫోను చేశాను. మేమిద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. "నా స్లైడులన్నీ పక్కన పడేయండి," అన్నాను. "తప్పు మీ అమ్మాయిది కాదు. నాది."

అతను చాలాసేపు నవ్వాడు. మర్యాదస్తుడు కదా, నవ్వినందుకు క్షమాపణ చెప్పి మళ్ళీ నవ్వాడు.

"మీకు ముందే తెలుసా? ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే చూశాను మేడమ్. నా అభిప్రాయమేమిటని మీరు ప్రతి వారం అడిగారు కూడా. కానీ నేను నోరు తెరిచేలోపు తర్వాతి స్లైడుకు వెళ్ళిపోయేవారు."

ఇద్దరం కలిసి కొత్త పద్ధతి ఒకటి ఆలోచించాం. ఐదు సూత్రాలు లేవు. ఒక్కటే పని. ప్రశ్న అడిగాక మనసులో ఐదు దాకా లెక్కపెట్టాలి. జవాబు వచ్చాక, అది ఒప్పయినా తప్పయినా, "ఎందుకలా అనుకున్నావు?" అని అడిగి మళ్ళీ ఐదు లెక్కపెట్టాలి. పిల్లలు ఏ భాషలో చెప్పుకున్నా ఆపకూడదు. రంగత్ అమ్మాయినీ, వీడియోలోని ఘనా అమ్మాయినీ జత చేశాం. వారానికొకసారి ఒకరి పాఠం ఒకరు వీడియోలో చూసి, ఎక్కడ తొందరపడ్డారో ఒకరికొకరు చెప్పుకోవాలి. మేం పెద్దవాళ్ళం వినాలి. ఇది అతని షరతు.

మొదట్లో పని అధ్వాన్నంగా సాగింది. ఘనా అమ్మాయి ప్రశ్న అడిగి మౌనంగా నిలబడితే, టీచరు పాఠం మరిచిపోయిందనుకుని పిల్లలు బిక్కమొహం వేశారు. కిటికీలోంచి చూసిన హెడ్మాస్టరు ఆమెను పిలిచి, పాఠం చదువుకుని రమ్మన్నాడట. రంగత్‌లోనైతే పిల్లలు తెలివిగా మౌనం పట్టారు. ఐదు లెక్కపెట్టాక టీచరే చెప్పేస్తుందని కనిపెట్టేశారు. "నేను పది దాకా పోయేను మేడమ్, అయినా ఒక్కడు కూడా నోరు తెరవలే. పాగల్ అయిపోయేలా ఉన్నాను," అని రంగత్ అమ్మాయి ఫోనులో ఏడ్చినంత పని చేసింది. నాకూ ధైర్యం లేదు. కానీ ఘనా అమ్మాయే ఆమెకు చెప్పింది: "పెద్ద ప్రశ్న కాకుండా, వాళ్ళు రోజూ తినేదాని గురించి అడుగు. నా పిల్లలు కెంకీ గురించి అయితే ఆగరు." కెంకీ అంటే మొక్కజొన్న పిండి పులియబెట్టి, ఆకుల్లో చుట్టి ఉడికించే ముద్ద. అక్కడివాళ్ళకు అది మనకు అన్నం లాంటిది.

నెమ్మదిగా మార్పు వచ్చింది. వీడియోల్లో టీచర్ల గొంతు తగ్గుతూ పిల్లల గొంతులు పెరిగాయి. ఘనా బడిలో పిల్లలు ఫాంటీ భాషలో వాదించుకునేవారు. రంగత్‌లో బెంగాలీ, తెలుగు, హిందీ కలిసి సంతలా ఉండేది. ఆ గోల వింటూ మా భయ్యా "అబ్బ, ఇప్పుడు బడిలా ఉంది మేడమ్" అనేవాడు.

మా ప్రిన్సిపల్‌కి మాత్రం నచ్చలేదు. ఆయన భయం ఆయనది. ఏడాది పని చూసి రెండో ఏడాది కొనసాగించాలా వద్దా తేల్చడానికి ఢిల్లీ నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారు. "స్లైడులు తీసేశారు. ఆవిడకి ఏం చూపిస్తారు మేడమ్? దిఖానే కే లియే కుఛ్ తో చాహియే!" అన్నారు, చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని.

"పాఠం చూపిస్తాను సార్. ఘనా నుంచి లైవ్‌లో."

అన్నానే గానీ, నా భయం నాకుంది. ఎందుకంటే ఆ పాఠం ఘనా అమ్మాయిది. ఆమె బోధన పరీక్షలో అప్పటికే ఒకసారి తప్పింది. ఆ రోజు పాఠాన్నే రెండో అవకాశంగా లెక్కిస్తామని వాళ్ళ కాలేజీ చెప్పింది. ఈసారీ తప్పితే ఆమె ఇక టీచరు కాలేదు. నలుగురు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్న ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన పిల్ల. ఆమె కోసమనే చెప్పుకున్నాను గానీ నా కోసమే, ఒక తప్పు పని చేశాను. "నీ ఫోను బల్ల మీద పెట్టుకో. నువ్వు తడబడితే ఏం చెయ్యాలో నేను మెసేజ్ పెడతాను," అన్నాను. సరేనంది. మాట్లాడకుండా ఉండడం అందరికీ నేర్పుతున్న దాన్ని నేనే!

ఆ రోజు రానే వచ్చింది. మీటింగ్ గదిలో పెద్ద తెర. ఢిల్లీ మేడమ్, మా ప్రిన్సిపల్, మరో నలుగురు. రంగత్ అమ్మాయి కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. బయట వాన దంచికొడుతోంది. తెర మీద ఘనా తరగతి తేటగా కనబడుతోంది. ఆ అమ్మాయి బోర్డు మీద ఒకే ఒక్క ప్రశ్న రాసింది: పావు, పావు కలిపితే ఎంత?

ముందు బెంచీలో ఒక పిల్లవాడు లేచి హుషారుగా చెప్పాడు. "రెండు బై ఎనిమిది."

పైవి పై వాటితో, కిందవి కింద వాటితో కలిపేశాడు. మా ప్రిన్సిపల్ నుదురు రుద్దుకున్నారు. ఆ అమ్మాయి ఆ జవాబునే బోర్డు మీద రాసి, "ఇదే జవాబు ఎంతమందికి వచ్చింది?" అని అడిగింది. సగం క్లాసు చేతులెత్తింది. ఢిల్లీ మేడమ్ పెన్ను తీసుకున్నారు. నా వేళ్ళు ఫోను మీదకు పరుగెత్తాయి. "బొమ్మ గీయించు" అని టైపు చేస్తున్నాను.

తెర ఆగిపోయింది. ఆ అమ్మాయి మొహం, సగం తెరిచిన నోరు, అలాగే నిలిచిపోయాయి. తర్వాత అదీ పోయి నల్లగా అయింది.

భయ్యా పరుగెత్తాడు. తీగ పీకాడు, పెట్టాడు, పక్క గదికి పోయాడు, తడుస్తూ బయటకు పోయాడు. "లైనే పోయింది మేడమ్, మన వైపే!" అని అరిచాడు. ఫోనుల్లో కూడా సిగ్నల్ లేదు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. టీ వచ్చింది. ప్రిన్సిపల్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"ఇప్పుడు అక్కడ ఏం జరుగుతూ ఉంటుంది?" అని ఢిల్లీ మేడమ్ హిందీలో అడిగారు.

ఒక సర్ది చెప్పే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నాకు తెలియదు మేడమ్," అన్నాను. "అది ఆ అమ్మాయి క్లాసు."

రంగత్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చెవిలో అంది: "డరో మత్ మేడమ్. ఆ పిల్ల నాకంటే బాగా ఆగుతాది."

ఇరవై నిమిషాల తర్వాత ముందు శబ్దం వచ్చింది. పెద్ద గోల. ఏదో దెబ్బలాట జరుగుతోందనుకున్నాను. తర్వాత తెర వెలిగింది. పిల్లలెవరూ బెంచీల్లో లేరు. అందరూ బోర్డు చుట్టూ మూగి ఫాంటీలో అరుచుకుంటున్నారు. టీచరు కోసం వెతికాను. వెనక గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బోర్డు మీద ఒక గుండ్రటి కెంకీ బొమ్మ, నాలుగు ముక్కలు. ఒక పొట్టి అమ్మాయి సుద్దముక్కతో రెండు ముక్కలు నింపి, ఇందాకటి పిల్లవాడి మీదకు వెళ్ళి ఏదో గట్టిగా అడిగింది. క్లాసంతా గొల్లుమంది.

ఆ మాటను కెమెరా వెనక ఉన్న వాళ్ళ లెక్చరర్ మాకు ఇంగ్లీషులో చెప్పాడు. "ఆ పిల్ల అంటోంది: రెండు బై ఎనిమిది అంటే పావే కదా. నువ్వు రెండుసార్లు తిని, ఒక్కసారే తిన్నానంటావా?"

పిల్లవాడు బొమ్మ వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. తర్వాత అతనే ముందుకు వచ్చి, తన జవాబును అరచేత్తో తుడిచేసి, "సగం" అని రాశాడు. రాసి ఊరుకోలేదు, మిగతావాళ్ళ వైపు తిరిగి, ఎందుకు కింది అంకెలు కలపకూడదో తనే వివరించడం మొదలుపెట్టాడు.

ఢిల్లీ మేడమ్ చేతిలో టీ చల్లారిపోయింది. ఆవిడ చప్పట్లు కొట్టారు. మా గదిలో అందరం కొట్టాం. ప్రిన్సిపల్ అందరికంటే గట్టిగా కొట్టారు. ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది.

గంట కొట్టాక ఆ అమ్మాయి తెర దగ్గరకు వచ్చింది. "సారీ అమ్మా, మా లైను తెగిపోయింది. ఇరవై నిమిషాలు మేం లేం," అన్నాను.

"తెగిపోయిందా?" అంది ఆశ్చర్యంగా. "ఎప్పుడు?"

"నేను మెసేజ్ పెట్టలేకపోయాను..."

ఆమె తల దించుకుంది. "ఫోను ఆపేసి సంచిలో పెట్టేశాను మేడమ్. మీరు కోప్పడకండి. అది బల్ల మీద ఉంటే నా కళ్ళు పిల్లల మీద నిలవవు."

కోపమా! కుర్చీలోంచి లేచి ఆ తెరను కౌగలించుకోవాలనిపించింది. ముప్పై నాలుగేళ్ళలో నేను చూసిన గొప్ప పాఠం నేను చూడని ఇరవై నిమిషాల్లోనే జరిగింది.

ఆ అమ్మాయి పరీక్ష నెగ్గింది. ఇప్పుడు చుట్టుపక్కల బడుల్లో కొత్త టీచర్లకు దారి చూపించే పని ఆమెదే. రెండో ఏడాది మాకు మంజూరైంది. రంగత్ అమ్మాయి తన గోడ మీది చార్టు పీకేసి, అక్కడ పిల్లల తప్పు జవాబులు అతికించడం మొదలుపెట్టింది, ఎవరు ఎలా సరిదిద్దుకున్నారో పక్కన రాసి. మా ప్రిన్సిపల్ దాని ఫొటో తీసుకెళ్ళి తన గదిలో పెట్టుకున్నారు.

నా రిటైర్మెంటుకి రెండు రోజుల ముందు ఘనా కాలేజీలో కొత్త బ్యాచి చేరింది. వాళ్ళతో ఆఖరిసారి మాట్లాడమని ఆ లెక్చరర్ అడిగాడు. నలభైమంది కొత్త మొహాలు. నేను నా పేరు చెప్పి, ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "పిల్లవాడు తప్పు చెప్పినప్పుడు మీరు మొదట ఏం చేస్తారు?"

అడిగి ఊరుకున్నాను. ఐదు క్షణాలు. పది. పక్కన భయ్యా లైను మళ్ళీ పోయిందేమోనని తీగలు తడుముతున్నాడు. పదిహేను. వెనక వరసలో ఒక కుర్రవాడు మెల్లగా చెయ్యెత్తాడు.

"సరైన జవాబు చెప్పేస్తాను మేడమ్," అన్నాడు.

"ఎందుకలా అనుకున్నావు?" అని అడిగి, కుర్చీ తెర దగ్గరకు లాక్కుని కూర్చున్నాను.